మాలేవిచ్చు శిష్యమండలి : కర్తృత్వవిచారము

చిత్రప్రదర్శనమునకుఁ బేరు పెట్టుట స్వల్పకార్యముగాఁ దోఁచును గాని, ప్రదర్శకుల యభిప్రాయము సగము ఆ పేరుననే యడఁగి యుండును. 2018వ సంవత్సరము మార్చి 28వ తేదీ మొదలుకొని జూలై 16వ తేదీ వఱకు పారిసు నగరమునందలి పాంపిదూ కేంద్రమున నొక ప్రదర్శనము జరిగినది. ఆ సంవత్సరము సెప్టెంబరు మొదలుకొని 2019 జనవరి వఱకు అదియే న్యూయార్కు నగరమునందలి యూదు ప్రదర్శనశాలలో మఱల నేర్పాటు చేయఁబడినది. షగాలు, లిసిట్‌స్కీ, మాలేవిచ్చు అను మువ్వురి పేళ్లను ముందుంచి, విటెబ్స్కు నగరమున 1918 మొదలు 1922 వఱకు వెలసిన రష్యా నవ్యకళ యని దానికి నామకరణము చేసిరి. పారిసున చిత్తరువులు, శిల్పములు, గోడపత్రికలు, పుస్తకములు, ఛాయాచిత్రములు కలిసి సుమారు 250 వస్తువులు చూపఁబడినవి. దీనిని సమకూర్చినది ఆంజెలా లాంపె యను విదుషి. షగాలు స్వస్థలమునకుఁ గళాధికారిగా నియమింపఁబడి నూఱేండ్లు నిండిన సందర్భమున నిది జరిగినది.

ఈ మువ్వురిలో మండలిని నిర్మించినవాఁడు మాలేవిచ్చు. ఆ మండలివారు తమ పనులపై నెవరి పేరును వ్రాయరాదని నియమము చేసికొన్నవారు. పేరునకు బదులు చిన్న నల్ల చతురశ్రము నొకదానిని గుఱుతుగా నుంచెడివారు. పేళ్లు వలదన్నవారిని స్మరించుటకుఁ బేళ్లతోడనే ద్వారతోరణము గట్టుట న్యాయమా యన్నది మొదటి ప్రశ్న. కట్టినచో నా మువ్వురి పేళ్లే యేల యన్నది రెండవ ప్రశ్న. మొదటిదానికి నా సమాధానము ప్రదర్శకుల కనుకూలము; రెండవదానికిఁ బ్రతికూలము. కారణములను విన్నవింతును.

విటెబ్స్కు నేఁడు బెలారుసు దేశమునఁ జేరిన పట్టణము. ఆ కాలమున నది రష్యాసామ్రాజ్యపు సరిహద్దుసీమలలో యూదులు విస్తారముగా నివసించెడి యూరు. 1887లో ఆ ప్రాంతముననే పుట్టిన షగాలు, యెహూదా పెన్ అను స్థానికచిత్రకారునియొద్ద మొదటి పాఠములు నేర్చెను. పిదప పారిసున కొన్నియేండ్లుండి, 1914లో ఇంటికి వచ్చి, యుద్ధము తటస్థించుటచేఁ దిరిగి పోలేక నిలిచిపోయెను. విప్లవానంతరము విద్యామంత్రి లునచార్‌స్కీ 1918 సెప్టెంబరులో ఆతనిని విటెబ్స్కుసీమకుఁ గళాధికారిగా నియమించెను. 1919 జనవరిలో నొక బ్యాంకుయజమాని విడిచిన మేడలో ప్రజాకళాపాఠశాల తెఱవఁబడినది. షగాలు ఔదార్యమున కొక నిదర్శనము చెప్పవలెను. తన పాఠశాలకు తనవంటివారినే పిలుచుకొనక, ప్రాఁతపద్ధతివాఁడగు తన గురువు పెన్‌ను, నాగరిక లేఖనమునఁ బ్రసిద్ధుఁడగు దొబుజిన్‌స్కీని, నవ్యులలో నవ్యుఁడగు పునీని సమానముగా నాహ్వానించెను. వేరా యెర్మోలాయెవా యను చిత్రకర్త్రి 1919లో వచ్చినది. వాస్తువిద్య నభ్యసించిన లిసిట్‌స్కీయు ఆ సంవత్సరముననే వచ్చి ముద్రణశాలకును వాస్తుశాలకును అధ్యాపకుఁడయ్యెను. మాస్కోనుండి మాలేవిచ్చును నవంబరులో వెంటఁబెట్టుకొని వచ్చినవాఁడును ఈ లిసిట్‌స్కీయే. అంతర్యుద్ధకాలపు మాస్కోలో వంటచెఱకు లేదు, తిండి లేదు. మాలేవిచ్చు భార్య నిండుచూలాలు. కళాసిద్ధాంతముకంటెఁ గట్టెలే యాతనిని విటెబ్స్కు చేర్చినవనుట పరిహాసము గాదు.

అప్పటికే మాలేవిచ్చు పేరు రష్యాయందంతట వినఁబడుచుండెను. 1915 డిసెంబరులో పెట్రోగ్రాదు నగరమున "0,10" అను సంఖ్యానామముతో జరిగిన ప్రదర్శనమున ఆతఁడు 39 పటములను వ్రేలాడఁదీసెను. అందు నల్ల చతురశ్రమనునది యొకటి. ఎనుబదికి అరమాత్రము తక్కువ సెంటీమీటర్ల వెడల్పు, అంతియే యెత్తుగల తెల్లని పటముపై నల్లని చతురశ్రము. అంతకుమించి యేమియు లేదు. దానిని గోడ నడుమ నుంచక, రష్యాదేశపు గృహములలో దేవతాపటము నుంచెడి మూలను, రెండు గోడలు కలియుచోట, పైకప్పునకుఁ దగులునట్లు ఉంచెను. చూచినవారు దైవద్రోహమని కొందఱు, మోసమని కొందఱు నిందించిరి. ఈ పద్ధతికి సుప్రెమాటిజమని యాతఁడు పేరిడెను. మనము పరమత్వవాదమని తెనిఁగింపవచ్చును. చిత్రము మఱియొక వస్తువునకు సాదృశ్యముగా నుండనక్కఱలేదు, వర్ణమును ఆకారమును తమంతఁ దామే నిలిచి చూపఱి మనస్సును గదల్పఁగలవు అనునది దాని సారము. మనవారిలో దీనిని దేవతాయంత్రములతోఁ బోల్చుటకు వేగిరపడువారు కలరు. ఆ పోలిక సరిగాదు. యంత్రమునకు అధిష్ఠానదేవత కలదు, బీజాక్షరము కలదు, పూజావిధి కలదు. రేఖ యొక్కటి తప్పినచో యంత్రము తప్పినట్లే. మాలేవిచ్చు చతురశ్రమునకు సూచ్యము లేకుండుటయే గుణము. దాని నాలుగు భుజములును కొలబద్దతోఁ గొలిచినచో సరిగా సమానములు గావు, చేతితో దిద్దినవి. పటములో ఆకృతి స్వల్పముగాఁ జలించుచున్నట్లు తోఁచుట కదియు నొక హేతువు.

ఇట్టివాఁడు వచ్చిన మూఁడు నెలలలోపలనే పాఠశాల రూపము మాఱిపోయినది. 1919 డిసెంబరులో, నిరుద్యోగనివారణసంఘపు వార్షికోత్సవమునకై మాలేవిచ్చు, లిసిట్‌స్కీ, విద్యార్థులు కలిసి తెల్ల సైనికశాలల ముఖభాగమును వర్ణాకృతులతో నలంకరించిరి. 1920 ఫిబ్రవరిలో యునోవిస్ అను పేరితో మండలి యేర్పడినది. నూతనకళాప్రతిష్ఠాపకులని యా పేరున కర్థము. మండలివారు నల్ల చతురశ్రమును దుస్తుల చేతి యంచునఁ గుట్టించుకొనిరి. ఆ నెలలోనే యెర్మోలాయెవా రచించిన వేషములతోను తెరలతోను "సూర్యునిపై విజయము" అను నాటకము ప్రదర్శింపఁబడినది. ఏడేండ్లకు మునుపు ఆ నాటకమునకే మాలేవిచ్చు వేషరచన చేసియుండెను. దానితోడనే నీనా కొగాను కూర్చిన నృత్యమొకటి జరిగినది. అందు కథ లేదు, పాత్ర లేదు. ఆకృతులను మోసికొని నడచువారు వరుసయై, శిలువయై, నక్షత్రమై, వృత్తమై, చివరకుఁ జతురశ్రమై నిలుతురు. యునోవిస్ సంచికయని 1920లో వారొక పుస్తకమును గూర్చిరి. అచ్చునకు వీలులేక టైపుమిషనుపైఁ గొట్టి, బొమ్మలు చేతితో నతికించి, అయిదే ప్రతులు చేసిరి. చిన్నయూరి విద్యార్థుల సాహసమున కింతకంటె నిదర్శనము వలదు.

తరువాతఁ జలనచిత్రనిర్మాతగాఁ బ్రసిద్ధి కెక్కిన ఐసెన్‌స్టెయిను 1920లో ఆ యూరిమీఁదుగాఁ బోవుచు, ఎఱ్ఱయిటుకల గోడలపైఁ దెల్లసున్నము పూసి, దానిమీఁద పచ్చని వృత్తములు, నారింజవన్నె చతురశ్రములు, నీలి దీర్ఘచతురశ్రములు దిద్దియుండుటఁ జూచి విస్మితుఁడైనట్లు వ్రాసికొనెను. ఆ గోడలు నేఁడు లేవు. వానికై గీచిన చిన్న కాగితపు నమూనాలు మాత్రము కొన్ని మిగిలినవి. ప్రదర్శనమునఁ జూపఁబడిన వస్తువులలో నెక్కువ భాగము కాగితములగుట నొక లోపముగాఁ గొందఱు తలంపవచ్చును. ఊరంతయుఁ బటముగాఁ జేసికొన్నవారికిఁ గాన్వాసుపటములు మిగులకుండుట సహజము. మాలేవిచ్చు సైతము విటెబ్స్కున నుండిన కాలమునఁ గుంచెను దాదాపుగా విడిచి, వ్రాఁతయందును బోధనయందును మునిఁగిపోయెను.

షగాలు సంగతి వేఱు. ఆతని తరగతి విద్యార్థు లొక్కరొక్కరే మాలేవిచ్చు తరగతికిఁ దరలిపోయిరి. 1920 జూనులో ఆతఁడు తాను స్థాపించిన పాఠశాలను విడిచి మాస్కో వెడలిపోయెను. ఈ కలహమును మాలేవిచ్చు కుట్రగాఁ జిత్రించు వ్రాఁతలు పెక్కులు గలవు. షగాలు స్వీయచరిత్రయే వానికి మూలము. కలహకాలమున షగాలు చిత్రించిన "ఘనవాదప్రకృతిదృశ్యము" అను పటము పాంపిదూ కేంద్రపు సొంత సంపదలోనిది. అందుఁ జీలికలు చీలికలుగా వర్ణఖండముల నడుమఁ దెల్లని పాఠశాలాభవనము చిన్నదిగాఁ గానవచ్చును. దానిముందు గొడుగు పట్టుకొని యొక చిన్న మనుష్యుఁడు నడచుచుండును. నవ్యులరీతిని తానును జేయఁగలనని చూపుచు, దానితోడనే యా రీతిని వెక్కిరించుచున్న పటమిది. అంతకంటె ముఖ్యమైన సంగతి, షగాలు తన పేరును ఆ పటముపై నొకమాఱు గాక పలుమాఱులు, రష్యాలిపిలోను లాటినులిపిలోను వ్రాసికొనెను. పొరుగుతరగతిలోఁ బేరు వ్రాయుట తప్పుగా నెంచఁబడుచున్న రోజులలో నీతఁ డిన్నిమాఱులు సంతకము చేసెను. దీనిని గర్వముగా నేను దలఁపను. తన యింటిలో తన యునికిని చెప్పుకొనవలసి వచ్చినవాని పట్టుదల యది.

ఇఁక శిష్యుల మాట. గురువువలె గీచువారిని శిష్యులందుమా, అనుకర్తలందుమా? ఈ ప్రశ్న మన యాలంకారికులకుఁ గ్రొత్తది గాదు. ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున, ఒక కవి వాక్కు మఱియొక కవి వాక్కును బోలుటను మూఁడు విధములుగా విభజించెను. అద్దములోని ప్రతిబింబమువంటి పోలిక యొకటి. దానికి సొంత ప్రాణము లేదు. చిత్తరువునందలి రూపమువంటి పోలిక రెండవది. దానికిఁ బ్రాణ మున్నట్లే యుండి యది తుచ్ఛము. ఒకరి నొకరు పోలియుండు నిద్దఱు మనుష్యులవంటి పోలిక మూఁడవది. ముఖములు పోలినను ఆత్మ వేఱు గనుక అది త్యాజ్యము గాదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో దీనికి నాలుగవదానిఁ జేర్చెను. మూలవస్తు వొక్కటియే యయ్యును పరికరమంతయు దూరముగా మాఱిపోయినది పరపురప్రవేశము. కావ్యమునకుఁ జెప్పిన యీ విభాగమును చిత్రమునకుఁ బట్టించుట బలాత్కారము గాదు. ఉపమానమునకై చిత్తరువును దెచ్చుకొన్నవాఁడు ఆనందవర్ధనుఁడే గదా.

ఈ కొలతతోఁ జూచినచో యునోవిస్ పనులన్నియు నొక్క రాశి గావని తేలును. తరగతి యభ్యాసములుగా గీచిన కాగితములలో పెక్కింటియందు మాలేవిచ్చు 1915, 1916 సంవత్సరముల పటములలోని యడ్డపట్టెలు, చతురశ్రములు, వాలురేఖలు యథాతథముగాఁ గానవచ్చును. ఇవి ప్రతిబింబములు. వీనిని నిందింప నక్కఱలేదు. ఓనమాలు దిద్దుకొను పలకను కావ్యమని యెవరును బిలువరు. వీనిపైఁ బేరు లేకుండుటవలన నష్టమును లేదు.

ఇల్యా చాష్నికు 1902లో జన్మించెను. విటెబ్స్కు పాఠశాలలో మాలేవిచ్చు ననుసరించినవారిలో మొదటి వరుసవాఁడు. ఆతని పటములలో గురువుయొక్క యాకృతులే యున్నవి. కాని వాని నడత వేఱు. మాలేవిచ్చు పటమున నాకృతులు తెల్లని యవకాశమున నొకదానినొకటి త్రోసికొనుచు నెగురును. చూపఱికిఁ దలక్రిందు మీఁదుల స్ఫురణ నశించును. చాష్నికు ఆకృతులు సన్నని నిడుపాటి పట్టెలై, ఒకదానిప్రక్క నొకటి కొలిచి పేర్చినట్లు నిలుచును. 1925 ప్రాంతపు పటములలో నల్లని యవకాశమున నెఱ్ఱని పెద్ద వృత్తమొకటి, దానిక్రింద సన్ననైన నిర్మాణమొకటి యుండును. గురువునకుఁ దెలుపు అనంతమైనచో శిష్యునకు నలుపు అనంతము. అక్కడ గమనము లేదు, నిరీక్షణము కలదు. ఇది తుల్యదేహిసాదృశ్యము, ముఖము గురువుది, ఆత్మ తనది. ఈతఁడు 1929లో, ఇరువదియేడేండ్లైన నిండకమునుపే, వ్యాధిచే మరణించెను.

లాజరు ఖిదెకెలు 1904లో జన్మించినవాఁడు. పాఠశాలఁ జేరునప్పటికి బాలుఁడు. ఆతనికి గురువుగారి యాకృతులు మొదటినుండియు భవనములుగాఁ గనఁబడినవి. పటముపైఁ బఱచిన దీర్ఘచతురశ్రము ఆతని చేతిలోఁ బక్కకుఁ దిరిగి, మందమును పొంది, కట్టడమగును. నేల నంటక స్తంభములపై నిలిచిన నగరములను, వాని క్రింద చెట్లును నీళ్లును జెక్కుచెదరక యుండునట్లు, 1920లనాఁడే యాతఁడు గీచి యుంచెను. నికొలాయి సుయెతిను మార్గము మఱియొకటి. మండలి ప్రయాణించుటకు రైలుపెట్టె నెట్లలంకరింపవలెనో చూపుచు 1920లో ఆతఁడు చేసిన నీటివన్నెల నమూనా మిగిలియున్నది. 1922లో గురువుతోఁ బెట్రోగ్రాదు చేరి, మఱుసటియేట నక్కడి ప్రభుత్వపు పింగాణికర్మాగారమునఁ బని చేసెను. నల్ల చతురశ్రము, శిలువ, వాలుపట్టె అన్నియు గిన్నెలమీఁదికిని సాసర్లమీఁదికిని ఎక్కినవి. సమతలమైన పటముపైఁ బుట్టిన యాకృతి గుండ్రని పాత్రపైఁ బఱచునప్పుడు వంగవలెను. పాత్రను త్రిప్పినకొలఁది సగము మఱుఁగుపడి సగము వెలువడవలెను. మూలము ఒక్కటే, పరికరమంతయు వేఱు. రాజశేఖరుని పరపురప్రవేశమునకు దీనికంటెఁ జక్కని యుదాహరణము చిత్రకళయందు నా కెఱుకలేదు.

లిసిట్‌స్కీని శిష్యుఁడనుట కష్టము. ఆతఁడు గురువు ప్రక్కనే నిలిచి, కొంత కాలము గురువు భాష మాటలాడి, తన దారిఁ బోయినవాఁడు. ప్రౌనులని తాను బేరిడిన పటములలో మాలేవిచ్చు సమతలాకృతులను ఘనములుగాఁ జేసి, చూపఱి చుట్టు తిరిగి చూడవలసినట్లు నిలిపెను. చిత్రమునుండి వాస్తువునకు మాఱుబండి యెక్కెడి స్థానమని వానిని గుఱించి యాతఁ డుద్దేశించెను. రెండు చతురశ్రముల కథయను బాలుర పుస్తకమును విటెబ్స్కుననే 1920లోఁ గూర్చి 1922లో బెర్లినునందుఁ బ్రకటించెను. అందు చతురశ్రము మఱల కథకుఁ బాత్రయైనది. కథను వెడలఁగొట్టిన గురువునకు మెచ్చు గలిగెనో లేదో గాని, గ్రంథముద్రణచరిత్రమున నది చిరస్థాయిగా నిలిచినది.

కర్తృత్వప్రశ్నము మిక్కిలి చిక్కుపడినచోటు వక్తృవేదిక. లిసిట్‌స్కీ నడపిన శాలలో 1920లో చాష్నికు, వీథియందు ప్రసంగించువారికై యొక వేదికను రచించెను. ఇనుపకమ్ముల జాలముతోఁ గట్టిన యొక వాలుస్తంభము, దానిపై వక్త నిలుచు వసారాలు, పైన నక్షరములు వ్రాయుటకు ఫలకము. నాలుగేండ్లకు లిసిట్‌స్కీ యా నమూనాను మఱల దీర్చి, వసారామీఁద లెనిను ఛాయాచిత్రమును చేర్చి, లెనిను వేదికయని ప్రకటించెను. నాఁటినుండి యది లోకమున లిసిట్‌స్కీ కృతియై చెలామణి యైనది. చిత్రకళాచరిత్ర పుస్తకములలో నది లేని పుస్తకము దుర్లభము. దోష మెవరిది? ఆతఁడు దొంగిలించెనని యనరాదు. మండలి నియమము ననుసరించి యా మొదటి నమూనా యెవరిదియుఁ గాదు, అందఱిది. అందఱిదైన సొత్తును అందఱిలో నొక్కఁడైన తాను వాడుకొనెను. నియమముయొక్క బలహీనత యిచ్చటనే బయటఁ బడుచున్నది. అందఱిదైన వస్తువు నడవడిలో, పేరు పెద్దదైనవానిదగును.

పేరు మానుకొనుట మనకుఁ దెలియని ధర్మము గాదు. ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును నన్నయ పేరనే, రాజరాజనరేంద్రున కంకితముగానే పూరించెను. పూర్వకవియందలి భక్తికిఁ గల పరాకాష్ఠ యది. అయినను ఎఱ్ఱన చేయి యెచ్చట మొదలయ్యెనో మన పండితులు వెదకక మానలేదు. వెదకుటవలన నన్నయకుఁ గొఱఁత రాలేదు. ఎఱ్ఱనకు న్యాయము కలిగినది. ఎఱ్ఱనకు హరివంశము, నృసింహపురాణము తన పేర నుండినవి గనుక ఆ త్యాగము త్యాగమైనది. విటెబ్స్కు విద్యార్థుల స్థితి యట్టిది గాదు. మాలేవిచ్చు పేరుగలవాఁడై పేరును విడిచెను. వీరు పేరు పుట్టకమునుపే దానిని విడిచిరి. ఇంకొక సంగతిని గమనింపవలెను. 1920 డిసెంబరులో విటెబ్స్కున శిలాముద్రణమున వెలువడిన ముప్పదినాలుగు చిత్రముల సంపుటము మాలేవిచ్చు పేరనే వెలువడినది. దాని ముందుమాటలో, చిత్రకారుఁడనువాఁడే గతకాలపు దురభిప్రాయమని యాతఁడు వాదించెను. వాదమును సంతకముతోఁ బ్రకటించెను. ఇది కపటమని నా యాక్షేపణ గాదు. నియమమునకు గురువు వెలుపల నుండినట్లు అందఱును సహజముగా నంగీకరించిరని చూపుటకే చెప్పితిని.

చనిపోయినవారి నియమమును మనము భంగపఱచుట యేల, వారు కోరినట్లే యునోవిస్ అను నొక్కపేరితోఁ జూపరాదా యని వాదించువారు కలరు. ఆ వాదము గౌరవింపఁదగినదే. కాని యా నియమము చేసికొన్ననాఁడు వారి ముందున్న కాలము వేఱు, తరువాత వచ్చిన కాలము వేఱు. 1922లో పాఠశాలనుండి మొదటి పట్టభద్రులు పదిమంది వెలువడిరి. ఆ యేటనే మాలేవిచ్చు శిష్యులతోఁ బెట్రోగ్రాదు చేరెను. అక్కడ నాతఁ డధ్యక్షుఁడుగా నుండిన కళాసంస్కృతిపరిశోధనాలయము 1926లో మూయఁబడినది. 1930ల తరువాత వస్తుసాదృశ్యము లేని చిత్రమునకు సోవియట్టు ప్రదర్శనశాలల గోడలపైఁ జోటు లేకపోయినది. పటములు కొట్లలోఁ జేరినవి. 1935 మే 15వ తేదీన మాలేవిచ్చు లెనిన్‌గ్రాదున మరణించెను. లెవ్ యూదిను 1941లో యుద్ధరంగమునఁ గూలెను. ఇట్టి కాలమునఁ బేరులేని కాగితము నెవరు కాపాడుదురు? పేరున్నదానికి బంధువుండును, మిత్రుఁడుండును, కనీసము వెదకువాఁడుండును. పేరులేనిదానికిఁ గొట్టులోని చీఁకటియే గతి. సమష్టికై చేసిన త్యాగమును దమనము తన పనికి వాడుకొనినది.

వేరా యెర్మోలాయెవా చరిత్రము దీనికిఁ బరమోదాహరణము. బాల్యమున గుఱ్ఱముపైనుండి పడి కాళ్లు చచ్చుబడుటచే నామె ఊఁతకఱ్ఱలతో నడచెడిది. షగాలు వెడలిన పిదప అనంతరకాలమున విటెబ్స్కు పాఠశాల కధ్యక్షురాలై, ఆఁకటి రోజులలో దానిని నడపినది. పెట్రోగ్రాదున పరిశోధనాలయములో వర్ణశాలకుఁ బెద్దయై పనిచేసినది. బాలుర పుస్తకములకు బొమ్మలు వేసి జీవించినది. 1934 డిసెంబరులో నామెను బంధించిరి. 1937లో కజకస్థానపు కరగందా నిర్బంధశిబిరమునఁ గాల్చి చంపిరి. నేరారోపణపత్రముమీఁద నల్ల చతురశ్రము లేదు. ఆమె పేరే యున్నది. శిక్షను మండలి పంచుకొన లేదు, పంచుకొన వీలును లేదు. శిక్ష పేరుననుసరించి పడినప్పుడు కీర్తి మాత్రము పేరు లేక తిరుగవలెననుట ధర్మము గాదు. ప్రదర్శకులు వస్తువస్తువునకు ఎదురుగా నెవరి చేయి యెఱుఁగఁబడినదో వారి పేరు వ్రాసి యుంచుట నే నందులకే మెచ్చుచున్నాను. చాష్నికు, సుయెతిను, ఖిదెకెలు, యూదిను, కొగాను, యాకెర్సొను అను పేళ్లు పండితులకుఁ గాక సామాన్యప్రేక్షకులకుఁ దెలియుట యిట్టి ప్రదర్శనములవలననే.

కాని ద్వారముమీఁది పేళ్ల విషయమున నా యాక్షేపణ మిగిలియున్నది. మువ్వురి పేళ్లను వ్రాసినవారు నాలుగవదిగా యెర్మోలాయెవా పేరు వ్రాయకుండుటకుఁ గారణము కళాగుణము గాదు, ప్రసిద్ధి. షగాలు 1920లో విడిచిపోయెను. లిసిట్‌స్కీయు ఆ సంవత్సరాంతప్రాంతమున వెడలిపోయెను. ప్రదర్శనము హద్దుగాఁ బెట్టుకొన్న 1922 వఱకు నిలిచి, పాఠశాల తాళపుచెవిని చేతఁ బట్టుకొన్నది ఆమె. ఆమె "సూర్యునిపై విజయము" నకుఁ జేసిన వేషరచనలు మాలేవిచ్చు 1913 నాఁటివానికిఁ బ్రతిబింబములు గావు. ఆమె యాకృతులు ముక్కలై విఱిగియున్నను, అందు మనుష్యుని నడక కలదు, బరువు కలదు; వానిని అచ్చుకొట్టి పైన రంగులు చేతితో నద్దినది. గోడమీఁది చీటిలో న్యాయము చేసినవారు గుమ్మముమీఁద న్యాయము చేయలేకపోవుటకుఁ బ్రవేశధనము కారణమేమో. పెద్ద పేళ్లు లేనిదే జనము రాదని ప్రదర్శనశాలలవారి భయము. ఆ భయము నిరాధారము గాకపోవచ్చును. అయినను, సమష్టికి ముగ్గురు నాయకులని నేర్పి పంపినచో, లోపల గోడలపైఁ జూపిన పాఠము సగము చెడును.

మాలేవిచ్చు మరణించినప్పుడు శవపేటికకు రూపకల్పన చేసినవాఁడు సుయెతినే. చితాభస్మమును మాస్కో చేరువ నెమ్చినోవ్కాలోఁ బాతిపెట్టినచోట తెల్లని ఘనమొకటి నిలిపి, దాని ముఖమున నల్ల చతురశ్రమును వ్రాసినది నాతఁడే. యుద్ధములో నది నశించినది. ఆ శిష్యుఁడు చేసిన పింగాణిగిన్నెలు మాత్రము అనేక ప్రదర్శనశాలలలో నున్నవి. 1923 ప్రాంతపు గిన్నెలను కొన్నిటిని బోర్లించి చూచినచో, అడుగున కర్మాగారపు గుఱుతును, సుప్రెమాటిజమను మాటయు, సుయెతిను రచన ననుసరించి యను వ్రాఁతయు, ఒకే కుంచెతో వ్రాసినవి, ప్రక్కప్రక్కనే కానవచ్చును.